దిమ్మె చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు

ఆ ఊరికి కరెంటు స్తంభాలు లారీలో వెళ్లలేదు, మనుషుల భుజాల మీద వెళ్లాయి. ముదిగుబ్బ దాటి లోపలికి పోతే రోడ్డు గుట్ట మొదట్లోనే ఆగిపోయేది. అక్కడి నుంచి అంతా గుండ్రాళ్లు, తుమ్మచెట్లు. లారీవాడు సిమెంటు స్తంభాలను దారి పక్కన దొర్లించి, తన పని అయిపోయిందన్నట్టు వెనక్కి తిరిగాడు. వాటికి మోకులు కట్టి, కింద దుడ్డుకర్రలు దూర్చి, ఇటు కొందరు అటు కొందరు పట్టి గుట్ట ఎక్కించినవాళ్లు ఆ ఊరికి దిగువన ఉండే కాలనీ మగవాళ్లు. అప్పట్లో కాగితాల మీద దాన్ని హరిజనవాడ అని రాసేవారు. గుంతలు తవ్వింది ఆ కాలనీ ఆడవాళ్లు. నేలలో రాయి తగిలితే గడ్డపార ఎగిరి మీదికొచ్చేది. తిట్టుకుంటూ మళ్లీ దించేవాళ్లు.

డెబ్బైల చివరి మాట ఇది. నేను కొత్తగా చేరిన లైన్‌మన్‌ను. ధర్మవరంలో మగ్గం గుంతలో కూర్చుని పట్టుచీరలు నేయాల్సినవాణ్ణి. మా నాయనకు నేసి నేసి నడుము పట్టేసింది. "నువ్వన్నా నిలబడి చేసే పని చూసుకోరా" అన్నాడు. అన్నట్టే దొరికింది. నిలబడటమే కాదు, స్తంభమెక్కి వేలాడే పని.

కాలనీవాళ్లు అంత కష్టం ఊరికే పడలేదు. "మీ కాలనీకి కూడా దీపాలొస్తాయి, నీళ్ల మోటారు వస్తుంది" అని మా ఇంజనీరు వాళ్లతో అన్నాడు. ఆయన ఆ మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. లైను మాత్రం ఊళ్లోకి వచ్చి, అక్కడి నుంచి చీనీ తోటల దాకా, అంటే బత్తాయి తోటల దాకా పోయి ఆగింది. కాలనీకి రెండో విడతలో అన్నారు. కరెంటు వచ్చిన రోజు ఊళ్లో టెంకాయలు కొట్టారు. కాలనీ జనం గట్టు మీద నిలబడి, వీధిదీపం వెలగడం చూసి, మాతో పాటు చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్లారు. ఇప్పుడు ఉద్యోగంలో చేరే పిల్లలు ఈ మాట వింటే "వాళ్లెందుకు ఊరుకున్నారు సార్?" అంటారు. వాళ్లు ఊరుకోలేదు. మేము వినలేదంతే.

రెండో విడత రావడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా చీనీ తోటలు పెరిగాయి. తోటకొక బోరు, బోరుకొక మోటారు. అక్కడ అందరికంటే పెద్ద తోట ఒక ఆసామిది. ఆయన్ను చెడ్డవాడని రాస్తే నాకు పని తేలికవుతుంది గానీ, ఆయన చెడ్డవాడు కాడు. అరవై దాటిన మనిషి. చెట్లను పేరు పెట్టి పిలవడమొకటే తక్కువ. నేను ఆ వైపు లైను చూడటానికి పోతే పిలిచి కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, సంచిలో పండ్లు వేసి పంపేవాడు. ఆ పండ్లు మా పిల్లలు తినేవాళ్లు. ఆయన వసారాలో ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్కలేదు. కాలనీలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. పని చూసుకుని, సైకిలు తిప్పుకుని వచ్చేసేవాణ్ణి.

ఎనభైల్లో వరసగా వానలు మొహం చాటేశాయి. వేసిన శనగకాయ మొలకలోనే మాడిపోయింది. గొర్రెల్ని తోలుకుని మగవాళ్లు దేశం మీద పడ్డారు. ఊళ్లలో గంజి కేంద్రాలు పెట్టారు. కాలనీ బావి అడుగు కనిపించి, తర్వాత అడుగు కూడా పగుళ్లిచ్చింది. చుట్టూ ఉన్న తోటల బోర్లు లోతు నుంచి లాగుతుంటే పైనున్న బావిలో ఏం మిగులుతుంది? ఆడవాళ్లు వంక దాకా నడిచి, ఇసుకలో చెలమలు తవ్వి, చెంబుతో ఊరిన నీళ్లు ఊరినట్టు తోడుకుని వచ్చేవాళ్లు.

అప్పుడు ప్రభుత్వం కాలనీకి ఒక బోరు వేసింది, మోటారు దించింది, సిమెంటు తొట్టి కట్టింది. కనెక్షను ఇచ్చింది నేనే. తోటలకున్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచే తీగ లాగి, చిట్టచివరి స్తంభానికి కట్టాను. ఆ ట్రాన్స్‌ఫార్మర్ తోటల గట్టు పక్కన, రాళ్లతో కట్టిన దిమ్మె మీద ఉండేది. ఊళ్లో దాన్నంతా కలిపి "దిమ్మె" అనే పిలిచేవాళ్లు. తోటల మోటార్లన్నీ ఒక్కసారి తిరిగితే చివరి స్తంభానికి చేరే కరెంటు ఎంత? కాలనీ మోటారు మూలిగేది, తిరిగేది కాదు. రెండుసార్లు కాలిపోయింది. తొట్టిలో పిల్లలు ఎండకు దాక్కుని ఆడుకునేవాళ్లు.

కాలనీలో ఒక పెద్దామె ఉండేది. భర్త పోయాడు, కొడుకు గొర్రెల వెంట పోయాడు. ఆమె పని ఆసామి తోటలోనే. చెట్ల చుట్టూ పాదులు తీయడం, నీళ్లు కట్టడం. రోజంతా కాలువలో నీళ్లు ఆమె కాళ్ల మీద నుంచి పారేవి. అక్కడ ఉన్నంతసేపు కడుపునిండా తాగొచ్చు. కడవ తెచ్చి ఇంటికి పట్టుకుపోతానంటే మాత్రం ఆసామి వద్దనేవాడు. ఒకరికి ఒప్పుకుంటే కాలనీ అంతా వస్తుందని ఆయన భయం. తోటలో పనిచేసే ఆడవాళ్లు తాగి వెళ్లేవాళ్లు. ఇంట్లో ఉన్న ముసలివాళ్లకూ బిడ్డలకూ చెలమ నీళ్లే.

ఆ పెద్దామె నేను కనిపించినప్పుడల్లా అడిగేది.

"ఏమప్పా కరెంటాయనా, తెల్లారి కొంచేపు తోటల మోటార్లు ఆపితే మా మోటారు తిరుగుతాదంట గదా. మా తొట్టి నిండినాక వాళ్లు ఏసుకోనీ. మేమేమన్నా వద్దంటామా?"

"నా చేతుల్లో లేదు పెద్దమ్మా. పైనుంచి ఆర్డరు రావాల."

"పైన అంటే యాడ? స్తంభం పైకి ఎక్కేది నువ్వే గదా?"

పక్కనున్న ఆడవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. నిజానికి ఆమె అడిగింది జరిగే పనే. నేను మా ఇంజనీరును అడిగాను కూడా. "తోటలవాళ్లు ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం?" అన్నాడు. తోటలవాళ్ల దగ్గరికి వెళ్లాను. ఆసామి కాఫీ ఇచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు.

"మనిషికి కాళ్లుండాయప్పా. చెలమ కాడికి పోయి తాగుతాడు. చెట్టు యాడికి పోతాది చెప్పు? ఒకసారి ఎండిందంటే మళ్లా కాపుకొచ్చేదానికి నేనుంటానో లేదో."

ఆ మాట నాకు ఎంతో న్యాయంగా తోచింది. కాఫీ తాగుతూ వింటే అలాగే తోస్తుంది.

మా లైన్ ఇన్‌స్పెక్టర్ గురించి కూడా చెప్పాలి. నాకు పని నేర్పిన పెద్దమనిషి. నశ్యం డబ్బీ చేతిలో లేకుండా ఎప్పుడూ చూడలేదు. తీగ ముట్టుకోకుండానే దాని జబ్బు చెప్పేవాడు. ఆయన నేర్పిన విద్యల్లో ఒకటి, జనాన్ని బెదిరించడం. "ముట్టుకుంటే సస్తార్రా అని నిజం చెప్తే ఎవురూ వినరు. పేలుతాదని చెప్పు, పరుగెత్తుతారు" అనేవాడు. దిమ్మె నీడలో మేకలు కాసే పిల్లల్నీ, స్తంభానికి ఎద్దుల్ని కట్టేసేవాళ్లనీ ఆయన అట్లాగే తరిమేవాడు. వాళ్ల మంచికే. నేనూ తరిమాను చాలాసార్లు. ఎప్పుడూ పనిచేసింది.

ఒకరోజు తెల్లవారుతూనే ఆసామి మనిషి సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. నిన్న సాయంత్రం దిమ్మె దగ్గర ఒక ఫ్యూజు కొట్టేసిందట. మూడింటిలో ఒకటి పోతే మోటార్లేవీ తిరగవు. "ఆడోళ్లు దిమ్మె కాడ కూర్చున్యారన్నా. ఎవుర్నీ పోనియ్యడం లే. నువ్వు రావాల" అన్నాడు. మా ఇన్‌స్పెక్టర్ ఆ వారం సెలవు మీద కదిరి వెళ్లాడు. నేను తీగ చుట్ట, పనిముట్ల సంచి తీసుకుని బయల్దేరాను.

వెళ్లేసరికి ఎండ ఇంకా లేత ఎండే. దిమ్మె చుట్టూ ఆడవాళ్లు రాళ్లకు వీపు ఆనించి కూర్చున్నారు. పదిహేను ఇరవై మంది ఉంటారు. ముందు ఖాళీ కడవలు. కొందరి ఒళ్లో బిడ్డలు. ఎవరూ కేకలు వేయడం లేదు, నినాదాల్లేవు. పనికి పోకుండా కూర్చోవడం వాళ్లకు అలవాటు లేని పని. అందుకే కొందరు ఊరికే కూర్చోలేక పుల్లతో మట్టిలో గీతలు గీస్తున్నారు. దూరంగా తుమ్మచెట్టు కింద ఆసామి, ఆయన మనుషులు ఇద్దరు ముగ్గురు.

నేను సైకిలు దిగి పోయి, "జరగండమ్మా, ఫ్యూజు వేయాల" అన్నాను.

"ఏస్తువులే. ముందు మాట చెప్పు" అంది పెద్దామె. "తెల్లారి మా తొట్టి నిండే దాకా తోటల మోటార్లు ఆపుతారా?"

"ముందు ఫ్యూజు వేయనీ. మీ మోటారు కూడా తిరగదు గదా ఇట్లుంటే."

"అది ఎట్లాగూ తిరగదులే. నిన్నటి దాకా మాకొక్కరికే లేదు. ఈ పొద్దు ఎవురికీ లేదు. ఈ పొద్దే బాగుండాది."

ఆమె అన్నదానికి ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. నాకు కోపం వచ్చింది. ఇంత పొద్దున్నే సైకిలు తొక్కుకుంటూ వచ్చినందుకో, వెనకాల ఆసామి చూస్తున్నందుకో. వెళ్లి ఆయనకు ఏం చెప్పాలి? ఆడవాళ్లు జరగలేదని చెప్పాలా? అప్పుడు నోటికి అందింది ఎప్పటి విద్యే.

"ఆ మోత వినపడుతోందా మీకు?" అన్నాను.

ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడూ సన్నగా మోగుతూనే ఉంటుంది. బాగున్నా మోగుతుంది. అందరూ తలలెత్తి విన్నారు.

"ఒక ఫ్యూజు పోయింది. లోపల నూనె ఉడుకుతా ఉంది. నిన్న సాయంత్రం నుంచి ఉడుకుతోంది. నేను ఫ్యూజు వేయకపోతే అది పేలుతుంది. ఉడుకు నూనె మీ మీద పడుతుంది. నిప్పంటుకుంటుంది. ఒక్కరు మిగలరు. నేను చెప్పడం చెప్పినా, మీ ఇష్టం."

ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. నూనె ఉడకడం లేదు. చల్లగా ఉంది. ఫ్యూజు పోయిన ట్రాన్స్‌ఫార్మర్ అట్లా వారం రోజులున్నా దానికేమీ కాదు.

వాళ్లు లేచి పరుగెత్తుతారనుకున్నాను. దిమ్మె దగ్గర నుంచి మేకలు కాసే పిల్లలు అట్లాగే పరుగెత్తేవాళ్లు. వాళ్లు లేవలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దామె దిమ్మె పైకి ఒకసారి చూసి, "బిడ్డల్ని పంపించేయండి" అంది.

ఒకామె ఒళ్లో చంటిదాన్ని పక్కనున్న ఆడపిల్లకు అందించింది. "ఎత్తుకోని ఇంటికి పో. వెనక్కి తిరిగి చూడొద్దు" అంది. పక్కనున్నామె ఆమెను కసిరింది.

"పాలు తాగే బిడ్డ ఉండాది నీకు. నువ్వు గూడా పో మే."

"పోతే దానికి నీళ్లెవురు తెస్తారు? నువ్వు తెస్తావా?"

ఇంకొకామె చెవుల కమ్మలు తీసింది. ఒకటి వెంటనే వచ్చింది, రెండోది మెలిక పడి రాలేదు. పక్కామె సాయం పట్టి తీసింది. రెండూ కలిపి కొంగు చింపిన గుడ్డలో కట్టి, పెద్ద కూతురి చేతిలో పెట్టి మూసి, వెళ్లమని తోసింది. ఆ పిల్ల ఏడుస్తూ వెళ్లింది. మిగిలిన ఆడవాళ్లు జరిగి, ఖాళీ అయిన చోటు పూడ్చుకుని, దిమ్మెకు ఇంకా దగ్గరగా కూర్చున్నారు.

అప్పుడు నాకు అర్థమైంది. వాళ్లు నా మాట నమ్మారు. పూర్తిగా నమ్మారు. నమ్మే కూర్చున్నారు.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. పెద్దామె నన్ను చూసింది.

"నువ్వేం చేస్తాండావప్పా ఈడ? దూరం పో. నీకు సిన్న పిల్లోళ్లుండారు" అంది.

ఎగతాళి కాదు. నిజంగా నా కోసమే అంది. "దూరం పో నాయనా" అని మళ్లీ చేత్తో సైగ చేసింది.

నేను వెళ్లాను. ఇది రాయడానికే ఇన్నేళ్లు చెయ్యి ఆడలేదు. ఆ క్షణంలో, పేలదమ్మా, అబద్ధం చెప్పాను అని అనాల్సింది. లేదా వాళ్ల పక్కన కూర్చోవాల్సింది. నాకు ప్రమాదం లేదని నాకు తెలుసు కదా, కూర్చుంటే పోయేదేముంది? అది కూడా చేయలేదు. అబద్ధం నిలబడాలంటే నేను భయపడినట్టు కనిపించాలి. అందుకని వడివడిగా నడిచి తుమ్మచెట్టు కిందికి పోయి, ఆసామి పక్కన నిలబడ్డాను.

"లేస్తారులే. కొంచెం సేపు చూద్దాం" అన్నాను.

ఆసామి నా మొహంలోకి చూశాడు. "పేలుతాదా? నిజంగానే?"

ఆయనకు కూడా నిజం చెప్పలేదు. "పేలొచ్చు" అన్నాను.

ఎండ ఎక్కుతోంది. ఆడవాళ్లు కొంగులు తలల మీదికి లాక్కున్నారు. ఎవరో ఒకామె సన్నగా దేవుడి పాట ఎత్తుకుంది. మధ్యలో మాట మరిచిపోతే ఇంకొకామె అందించింది. ట్రాన్స్‌ఫార్మర్ మోగుతూనే ఉంది. నేను వాళ్ల వైపు చూడలేక చెప్పుల వైపు చూస్తున్నాను.

ఆసామి గొణిగినట్టు ఒకరి తర్వాత ఒకరి పేర్లు చెప్పుకోసాగాడు. అందరూ ఆయన తోట కూలీలే. ఎవరికి ఎందరు పిల్లలో, ఎవరి మొగుడు ఏ వైపు గొర్రెలు తోలుకుపోయాడో ఆయనకు తెలుసు. ఉన్నట్టుండి చేతికర్ర కింద పారేసి దిమ్మె వైపు నడక మొదలుపెట్టాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నాడు.

"లేయండమ్మే! లేయండి! చెట్లు పోతే పోనీ, లేయండి!"

ఆ వయసులో అంత గట్టిగా అరవగలడని నాకు తెలియదు. ఆయన మనుషులు భయపడి వెనకే ఆగిపోయారు. ఆయన ఒక్కడే పోయి దిమ్మె ముందు, ఆడవాళ్ల మధ్య నిలబడ్డాడు. పెద్దామె ఆయన్ను తలెత్తి చూసింది. లేవలేదు.

"మా తొట్టి నిండే దాకా మోటార్లు ఆపుతావా సామీ?"

"ఆపుతా."

"దినామూ?"

"దినామూ ఆపుతా. అందరి చేతా ఆపిస్తా. ముందు లేయండి!"

"ఒట్టు?"

ఆయన ఒక్క క్షణం తడబడి, "నా చీనీ చెట్ల మీద ఒట్టు" అన్నాడు.

అప్పుడు లేచారు. చాలాసేపు కూర్చున్నందుకు కొందరి కాళ్లు తిమ్మిరెక్కి, ఒకరినొకరు పట్టుకుని కుంటుతూ వచ్చారు. ఆసామి అందరూ వచ్చే దాకా అక్కడే ఉండి, అందరి వెనకా వచ్చాడు.

ఇక ఫ్యూజు వేయాలి. సంచి తీసుకుని నేను దిమ్మె వైపు నడుస్తుంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "పాపం, పానానికి తెగించి పోతాండాడు కరెంటాయన." ఇంకెవరో నాకోసం దేవుడికి దండం పెట్టుకున్నారు. తీగ కట్టడానికి మామూలు కంటే చాలాసేపు పట్టింది. తిరిగి వస్తే ఒకామె కొంగుతో నా మొహం మీది చెమట తుడవబోయి, మళ్లీ సిగ్గుపడి ఆగిపోయింది.

ఆ ఉదయం నుంచి నేను ఒకే లెక్క వేసుకుంటూ వచ్చాను, ఎన్నిసార్లు వేసినా తేడా రాలేదు. పేలుతుందని నమ్మినవాళ్లందరూ మనుషుల్లా ప్రవర్తించారు. ఆడవాళ్లు నీళ్ల కోసం చావడానికి కూర్చున్నారు. ఆసామి వాళ్లను లేపడానికి చావులోకి నడిచాడు. పేలదని తెలిసింది ఒక్కడికే. చెట్టు నీడలో నిలబడి చెప్పులు చూసుకున్నదీ వాడొక్కడే.

మధ్యాహ్నం జీపులో ఇంజనీరు వచ్చాడు. సంగతి విని, "బాగా మేనేజ్ చేశావయ్యా" అని మెచ్చుకున్నాడు. సెలవు నుంచి వచ్చాక ఇన్‌స్పెక్టర్‌కు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను. పేలుతుందన్నాను అనగానే నవ్వబోయాడు.

"లేచినారా?"

"లేవలేదు."

"బిడ్డలో?"

"బిడ్డల్ని పంపించేసి వాళ్లు కూర్చున్నారు."

ఆయన చిటికెలో పట్టుకున్న నశ్యాన్ని మళ్లీ డబ్బీలో రాల్చేశాడు. అట్లా చేయడం నేనెప్పుడూ చూడలేదు. డబ్బీకి మూత పెట్టి, "ఇంక ఆ మాట వాడొద్దులేప్పా" అన్నాడు. ఆయన కూడా తర్వాత వాడలేదు.

ఆసామి మాట తప్పలేదు. తెల్లవారి తొట్టి నిండే దాకా తోటల మోటార్లు ఆగేవి. మిగతా తోటలవాళ్లు గొణిగితే ఆయనే సర్దిచెప్పేవాడు. నేను పోయి చూసే అవసరమే రాలేదు, రోజుకిద్దరు చొప్పున ఆడవాళ్లే దిమ్మె దగ్గర కాపు ఉండేవాళ్లు. కొంతకాలానికి కాలనీకి వేరే ట్రాన్స్‌ఫార్మర్ మంజూరైంది. దాని ప్రారంభానికి పెద్దలొచ్చారు. ఆసామి మెడలో ఒక దండ, నా మెడలో ఒక దండ వేశారు. కాలనీ ఆడవాళ్లు వెనకాల నిలబడి చప్పట్లు కొట్టారు. బంతిపూల దండ అంత బరువుంటుందని అంతకుముందు తెలియదు.

తర్వాత నన్ను తాడిపత్రికి బదిలీ చేశారు. మామూలు బదిలీయే. వెళ్లేముందు కాలనీకి పోయాను. అన్నేళ్లలో మొదటిసారి సైకిలు స్టాండు వేసి, పెద్దామె ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాను. ఆమె విత్తనానికి శనగకాయలు వొలుస్తోంది. ఆ ఏడు కాస్త వాన పడింది.

"పెద్దమ్మా, ఆ పొద్దు దిమ్మె పేలదు. నేను అబద్ధం చెప్పినా" అన్నాను.

ఆమె వొలవడం ఆపలేదు. నాలుగైదు కాయలు వొలిచాక, "పేలదా?" అంది.

"పేలదు."

"నూనె?"

"ఉడకలేదు. సల్లగా ఉండింది."

ఇంకా కొన్ని కాయలు వొలిచింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

"నా మేకను కోడలికి ఇచ్చేసినానప్పా ఆ పొద్దు" అంది చివరికి. "సావబోతాండా గదా, తర్వాత కొట్లాట ఎందుకని, బిడ్డలతో చెప్పి పంపిస్తి. సచ్చింటే బాగుండు. బతికొచ్చి మళ్లా నా మేక నాకియ్యమని ఎట్ల అడిగేది? ఊరుకుంటి."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె మాత్రం నవ్వలేదు.

"ఆసామికి చెప్పినావా?"

"లేదు."

"చెప్పొద్దు. ఊర్లో ఎవురికీ చెప్పొద్దు."

"ఇప్పుడు మీకు వేరే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది కదా పెద్దమ్మా. నీళ్లకు ఇబ్బంది రాదు."

"నీళ్ల కోసరం కాదు." చేట పక్కకు పెట్టి మొదటిసారి నా వైపు తిరిగింది. "మా పిల్లోళ్లు చెప్పుకుంటాండారప్పా. మా అవ్వ పేలే దిమ్మె కాడ కూర్చునింది అని. బడిలో గూడా చెప్పుకుంటాండారంట. ఇప్పుడు నువ్వు అది పేలదంటే ఏమైతాది? పేలని దిమ్మె కాడ కమ్మలు తీసిచ్చినారంట, మేకలు పంచినారంట అని ఊరు ఊరంతా నగుతాది. మేము భయపడింది నిజమే గదా? అయినా కూర్చునింది నిజమే గదా? మాకుండేది అదొక్కటి. దాన్ని నువ్వు తీసకపోవద్దు."

నేను తల ఊపాను. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను గానీ, ఆమె అప్పటికే చేట దగ్గరికి లాక్కుంది.

"పో. బస్సు తప్పిపోతాది" అంది.

తాడిపత్రిలో రాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీల మధ్య చాలా ఏళ్లు పనిచేశాను. ఆ ఊరి సంగతులు అప్పుడప్పుడు తెలిసేవి. బోర్లు ఒకదానితో ఒకటి పోటీపడి లోతుకు పోయాయట. ఆసామి పోయిన కొన్నాళ్లకు చీనీ చెట్లు ఎండిపోతే కొట్టేసి కట్టెలకు అమ్మారట. పెద్దామె కూడా పోయిందని ఆ వైపు నుంచి వచ్చిన ఒకాయన చెప్పాడు. కాలనీ బోరు ఇప్పుడెట్లా ఉందో అడిగితే ఆయనకు తెలియదన్నాడు.

కొత్తగా ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు ఇది చెప్పాలనిపించింది. జనాన్ని బెదిరించడం ఈ పనిలో చాలా తేలిగ్గా వస్తుంది, ఎందుకంటే మన సంగతి మనకు తెలిసినంతగా వాళ్లకు తెలియదు. పెద్దామెకు మాట ఇచ్చాను కాబట్టి ఊరి పేరు రాయలేదు, ఎవరి పేరూ రాయలేదు. ముదిగుబ్బ అవతల ఏ కాలనీలోనైనా ఒక ముసలామె మీతో, మేము పేలబోయే దిమ్మె చుట్టూ కూర్చున్నాం అని చెబితే, నేను రాసింది పక్కన పెట్టండి. ఆమె చెప్పిందే నమ్మండి.